ఉద్యమాల పిన్ బటన్లు: ముఖం సరే, అంచూ వెనక భాగమూ ఏం చెబుతున్నాయి?

రేకుముద్ర

ఎన్నికల బటన్‌కు, అంటే చొక్కాకు గుచ్చుకునే గుండ్రటి పిన్ బిళ్లకు, కాలం కట్టడం తేలిక. మీద అభ్యర్థి పేరుంటుంది, ఆయన ఏ ఏడాది బరిలో ఉన్నాడో చూసుకుంటే చాలు. చిక్కంతా ఉద్యమాల బటన్లతోనే. స్త్రీలకు ఓటు, శాంతి, కార్మిక హక్కులు, జాతి సమానత్వం లాంటి నినాదాలు దశాబ్దాల తరబడి అవే మాటల్లో తిరుగుతాయి. వాటిని చేయించిన సంఘాలు చాలావరకు చిన్నవి, వాటి లెక్కల పుస్తకాలు మిగల్లేదు. అమ్మకాల పేజీల్లో మాత్రం ప్రతిదానికీ "1960ల నాటిది" అని చీటీ తగిలిస్తున్నారు.

ఇక్కడ రెండు సంగతులు కలిపి రాద్దాం. ఈ బటన్ ఎక్కడ పుట్టి ఏ ఉద్యమాల చేతుల్లో ఎలా మారింది అన్నది ఒకటి. చేతిలో ఉన్న వస్తువును చూసి కాలం ఎలా చెప్పాలి అన్నది రెండోది. నా దృష్టిలో ఈ రెండింటినీ విడదీయలేం. తయారీ పద్ధతి మారినప్పుడల్లా బటన్ వేయించగలిగినవాళ్లూ మారారు.

ముందు భాగాల పేర్లు చెప్పుకుందాం, అందరం ఒకే మాట వాడొచ్చు. పైన పారదర్శకమైన సెల్యులాయిడ్ పొర, దాని కింద అచ్చు కాగితం, కింద గుండ్రటి రేకు డొప్ప. ఈ మూడింటి అంచులనూ వెనక్కి మడిచి, లోపలి నుంచి ఒక లోహపు రింగుతో బిగిస్తారు. ఆ రింగు కాలెట్. వంచిన స్ప్రింగు తీగ పిన్ను దాంట్లో కూర్చుంటుంది. పక్క నుంచి చూస్తే కనిపించే వంపు అంచు మడత. పాతవాటి వెనక గుంటలో తయారీదారు పేరున్న చిన్న కాగితం ఉంటుంది, అది వెనక కాగితం.

పాతకాగితం

ఈ రకం పిన్ బటన్ రాకముందు, అంటే 1896కు ముందు సంగతి నేను అందుకుంటాను.

1789లో జార్జ్ వాషింగ్టన్ ప్రమాణ స్వీకారానికి జనం పెట్టుకున్నవి కోటుకు కుట్టుకునే ఇత్తడి, రాగి గుండీలు. కొన్నిటి మీద జి.డబ్ల్యు. అక్షరాలు, చుట్టూ "లాంగ్ లివ్ ది ప్రెసిడెంట్", ఇంకొన్నిటి మీద 13 రాష్ట్రాల మొదటి అక్షరాల గొలుసు. వెనక కుట్టుకోవడానికి కాడ ఉంటుంది. వీటికి పిన్ను లేదు కాబట్టి ఈ వరసలో చేర్చకూడదని కొందరు వాదిస్తారు. ఒంటి మీద పెట్టుకుని పక్షం ప్రకటించడమే కొలత అయితే చేర్చాలని నా అభిప్రాయం.

ఉద్యమాల వైపు చూస్తే అంతకు రెండేళ్ల ముందే మొదలైంది. 1787లో ఇంగ్లండ్‌లో జోసయ్య వెడ్జ్‌వుడ్ కుమ్మరి కర్మాగారం బానిసత్వానికి వ్యతిరేకంగా జాస్పర్ మట్టి పతకం చేసింది. సంకెళ్లతో మోకరిల్లిన మనిషి బొమ్మ, చుట్టూ "నేను మనిషిని కానా, సోదరుణ్ణి కానా" అన్న ప్రశ్న. దాన్ని గాజుల్లో, తలపిన్నుల్లో, నశ్యం డబ్బీల మూతల్లో పొదిగించుకున్నారు. 1788లో వెడ్జ్‌వుడ్ కొన్నిటిని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు పంపాడు. రాజకీయ పార్టీ కాక ఒక లక్ష్యం కోసం ఒంటి మీద పెట్టుకున్న వస్తువుల్లో ఇంతగా పాకినది అంతకుముందు లేదు.

తర్వాత 1840 అమెరికా అధ్యక్ష ఎన్నికలు. హారిసన్ పక్షం దుంగల గుడిసె, సైడర్ పీపా బొమ్మలతో పట్టు రిబ్బన్లు, పైన రంధ్రం వేసిన ఇత్తడి పతకాలు పంచింది. 1860 ఎన్నికల్లోకి ఫెర్రోటైప్ వచ్చింది. పలచని ఇనుప రేకు మీద ఫొటో తీసి చిన్న ఇత్తడి చట్రంలో బిగించేవారు. ఒక వైపు లింకన్, మరో వైపు ఉపాధ్యక్ష అభ్యర్థి హానిబల్ హామ్లిన్. అభ్యర్థి అసలు ముఖం ఓటరు ఛాతీ మీదికి ఎక్కింది అప్పుడే. కానీ ఒక్కొక్కటీ చేతితో చేయాలి. లక్షల్లో పంచే దారి అప్పటికి లేదు.

మడతంచు

ఆ దారి వేసింది న్యూజెర్సీ రాష్ట్రం న్యూవార్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ. 1892లో మొదలైంది. సెల్యులాయిడ్ అప్పటికే ఉంది. జాన్ వెస్లీ హయాట్ 1870లో దానికి పేటెంట్ తీసుకున్నాడు: నైట్రోసెల్యులోజ్‌ను కర్పూరంతో కలిపి మెత్తబరిచిన ప్లాస్టిక్. దాన్ని పలచని పొరగా తీసి, అచ్చు కాగితం మీద కప్పి, రేకు డొప్పకు బిగించే పద్ధతిని ఈ కంపెనీ సొంతం చేసుకుంది. దాని వెనక కాగితాల మీద మూడు తేదీలు కనిపిస్తాయి: 1894 జులై 17, 1896 ఏప్రిల్ 14, 1896 జులై 21.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అవి పేటెంట్ తేదీలు, బటన్ చేసిన తేదీలు కావు. అవే తేదీలున్న కాగితాన్ని ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వాడారు. వెనక 1896 అని కనబడగానే "1896 నాటి బటన్" అనేయడం తప్పు. 1896 వేసవికి ముందుది కాదు అని మాత్రమే అది చెబుతుంది.

మూడో పేటెంట్ వచ్చేసరికి మెకిన్లీ, బ్రయన్‌ల అధ్యక్ష ఎన్నికల పోటీ వేడెక్కుతోంది. బంగారం ప్రమాణమా, వెండి నాణేలా అన్నది వివాదం. వెండి పక్షం 16 పాళ్ల వెండికి 1 పాలు బంగారం అన్న నిష్పత్తి కోరింది. దాన్ని బటన్ మీద గడియారంగా వేశారు: ముల్లు ఒంటిగంటకు 16 నిమిషాల ముందు ఆగి ఉంటుంది. అవతలి పక్షం బంగారు పురుగు బొమ్మలు పెట్టుకుంది, కొన్నిటికి రెక్కలు తెరిస్తే లోపల అభ్యర్థుల ఫొటోలు. అదే ఏడాది హై అడ్మిరల్ సిగరెట్ పెట్టెలతో ఎల్లో కిడ్ అనే పత్రికల కామిక్ పాత్ర బొమ్మ బటన్లు ఉచితంగా వచ్చాయి. ప్రకటనల ఆర్డర్లతో యంత్రాలకు ఏడాది పొడవునా పని దొరకడం వల్లే చిన్న సంఘాలకూ తక్కువ ఖర్చులో బటన్లు అందాయి.

ఆ రోజుల్లో ఎక్కువగా కనిపించే కొలతలు ముప్పావు అంగుళానికి కాస్త ఎక్కువ (8లో 7 వంతుల అంగుళం), 1.25 అంగుళాలు. 2 అంగుళాలు దాటినవీ ఉన్నాయి, అయితే అవి తక్కువ.

ఊదాతెలుపు

స్త్రీల ఓటు హక్కు బటన్లకు కాలం కట్టడానికి ఒక మంచి ఆనవాలు ఉంది: నక్షత్రాలు. అమెరికాలో స్త్రీలకు పూర్తి ఓటు హక్కు ఇచ్చిన రాష్ట్రానికి ఒకటి చొప్పున జెండాల మీదా బటన్ల మీదా నక్షత్రాలు వేసేవారు. వయోమింగ్, కొలరాడో, యూటా, ఐడహో కలిపి 1896 నుంచి నాలుగు. 1910లో వాషింగ్టన్ రాష్ట్రంతో ఐదు. 1911లో కాలిఫోర్నియాతో ఆరు. 1912లో ఆరిగన్, కాన్సస్, అరిజోనా చేరి తొమ్మిది. 1914లో మోంటానా, నెవాడాతో పదకొండు.

నాలుగు నక్షత్రాలంటే 14 ఏళ్ల వ్యవధి, దాంతో పెద్దగా తేలదు. ఐదో ఆరో ఉంటే దాదాపు ఏడాదికి కుదించవచ్చు. మిగిలిపోయిన సరుకును తర్వాతా పంచేవారు కాబట్టి నక్షత్రాల లెక్కతో తేలేది తయారీ కాలమే. పెట్టుకున్న కాలం ఆ తర్వాతిదీ కావచ్చు.

బ్రిటన్‌లో స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన సంఘం డబ్ల్యుఎస్‌పీయూ 1908లో ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులు తీసుకుంది. ఆ మూడు రంగుల రాళ్లున్న ప్రతి పాత నగనూ ఓటు హక్కు ఉద్యమానిదే అని అమ్ముతున్నారు. ఆ కాలంలో ఆ రంగుల కలయిక మామూలు ఫ్యాషనే. నినాదమో, సంఘం పేరో, తయారీదారు గుర్తో లేకుండా రంగు ఒక్కదాన్ని పట్టుకుని ఏదీ ఒప్పుకోకండి. ఇంకొకటి: సిల్వియా పాంక్‌హర్స్ట్ రూపొందించిన హాలోవే బ్రూచ్ జైలుకెళ్లిన స్త్రీలకు ఇచ్చినది, వెండిది. అది పిన్ బటన్ కాదు. అమ్మకాల పేజీల్లో రెండూ ఒకే వర్గంలో పడుతున్నాయి.

కొత్తచూపు

సెల్యులాయిడ్‌దా, రేకు మీద నేరుగా అచ్చు వేసినదా అన్నది ఫొటోలో ఎలా తెలుస్తుంది? వెనక వైపు ఫొటో పెట్టని అమ్మకాలే ఎక్కువ.

రేకుముద్ర

> వెనక వైపు ఫొటో పెట్టని అమ్మకాలే ఎక్కువ.

వెనక ఫొటో అడగండి, ఇవ్వకపోతే కొనకండి. ముఖం మీద చూడాల్సింది గీతలు. లిథోలో, అంటే రేకు మీద నేరుగా అచ్చు వేసినదాంట్లో, రంగు నేరుగా రేకు మీద ఉంటుంది, పైన రక్షణ పొర ఉండదు. గీత పడితే మెరిసే లోహం బయటపడుతుంది. సెల్యులాయిడ్ మీద గీత పడితే పారదర్శక పొర మీదే తెల్లగా కనిపిస్తుంది, కింద రంగు చెక్కుచెదరదు. సెల్యులాయిడ్‌కు తేమ మరకలు, పసుపు రంగు వస్తాయి. లిథోకు తుప్పు చుక్కలు, రంగు పెచ్చులు. వెనక చూస్తే లిథోకు కాలెట్ ఉండదు, రేకు అంచే లోపలికి చుట్టుకుని ఉంటుంది, తీగ పిన్ను నేరుగా ఆ చుట్టలో ఇరుక్కుంటుంది.

పెద్ద రేకు పలక మీద వందల బొమ్మలు ఒకేసారి అచ్చు వేసి, తర్వాత అచ్చుతో కోసి వంచడమే లిథో పద్ధతి. కాగితం లేదు, పొర లేదు, రింగు లేదు. 1920 నాటికి ఎన్నికల బటన్లలోకి వచ్చింది. పలక సిద్ధం చేసే ఖర్చు ఎక్కువ, ఆ తర్వాత ఒక్కో బటన్‌కు అయ్యేది చాలా తక్కువ. అందుకే వేలు, లక్షల్లో వేయించగల పార్టీలు, పెద్ద యూనియన్లు లిథోకు వెళ్లాయి. చిన్న సంఘాలు సెల్యులాయిడ్ పద్ధతిలోనే ఉండిపోయాయి. 1940లో ప్రత్యర్థి విల్కీ పక్షం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మూడోసారి పోటీకి వ్యతిరేకంగా "నో థర్డ్ టర్మ్", ఆయన భార్య మీద "వుయ్ డోంట్ వాంట్ ఎలియనోర్ ఐదర్" లాంటి నినాదాల బటన్లు కుప్పలుగా దించగలిగిందంటే చవక తయారీయే కారణం.

దీని నుంచి గట్టి సూత్రం ఒకటి వస్తుంది. మెకిన్లీ, బ్రయన్, టాఫ్ట్ బటన్ లిథో అయితే అది ఆ కాలపుది కాదు. 1968లో క్లీనెక్స్, 1972లో అమెరికన్ ఆయిల్ ప్రచారం కోసం పాత బటన్ల నకళ్లు లిథోలో వేయించాయి. అంచు మడత మీద సన్నటి అక్షరాల్లో ఆ గుర్తు ఉంటుంది. దాన్ని గీకేసి లేదా రంగు పూసి అమ్మేవాళ్లున్నారు. అంచులో ఒకచోట మాత్రం లోహం తేలి ఉంటే అనుమానించండి.

నెలచందా

యూనియన్ చందా బటన్ల గురించి ఎవరూ రాయలేదు. ఉద్యమాల బటన్లలో తేదీతో సహా దొరికేవి ఎక్కువగా ఇవే.

ఆ నెల చందా కట్టిన కార్మికుడికి ఆ నెల బటన్ ఇచ్చేవారు. సంఘం పేరు, స్థానిక శాఖ సంఖ్య, నెల, సంవత్సరం. నెల మారితే రంగు మారుతుంది. పని చోట దూరం నుంచి చూసినా ఎవరు బాకీ ఉన్నారో తెలిసిపోవాలి, అదీ ఉద్దేశం. అందుకే వీటి మీద బొమ్మలుండవు, పెద్ద అక్షరాలు, గట్టి రంగులు. చందాను జీతంలోనే కోసి సంఘానికి జమ చేసే ఒప్పందాలు పెరిగాక వీటి అవసరం తగ్గింది. ఒక శాఖ నెలవారీ బటన్లు వరసగా దొరికితే విడగొట్టకండి. ఆ వరస సంఘం ఎప్పుడు బలంగా ఉందో చెప్పే పత్రం.

పని చోట బటన్ పెట్టుకునే హక్కు కోర్టు దాకా వెళ్లింది. రిపబ్లిక్ ఏవియేషన్ అనే విమానాల కంపెనీ కేసులో యూనియన్ స్టివర్డ్ (పని చోట సంఘం ప్రతినిధి) బటన్లు తీయనన్నందుకు కార్మికులను తొలగించారు. 1945లో అమెరికా సుప్రీంకోర్టు కార్మికుల పక్షాన నిలిచింది.

అమెరికా కార్మిక నాయకుడు యూజీన్ డెబ్స్ బటన్ కూడా ఇక్కడే చెప్పాలి. యుద్ధ వ్యతిరేక ప్రసంగానికి అట్లాంటా జైల్లో ఉంటూనే 1920లో సోషలిస్టు అభ్యర్థిగా పోటీ చేశాడు. బటన్ మీద ఖైదీ దుస్తుల ఫొటో, "ఫర్ ప్రెసిడెంట్, కన్విక్ట్ నెం. 9653". 9 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. అభ్యర్థి గడప దాటలేని ప్రచారానికి ఆ చిన్న రేకు ముక్కే ఆయన ముఖాన్ని మోసింది. దీనికి నకళ్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

హక్కులపుస్తకం

కోర్టుల మాట వచ్చింది కాబట్టి దీన్ని వివరంగా రాస్తాను. చరిత్రలో బటన్ల బరువు ఎంతో తెలిసేది ఇక్కడే.

ఎస్‌ఎన్‌సీసీ (విద్యార్థుల అహింసా సమన్వయ సంఘం) 1960 ఏప్రిల్‌లో నార్త్ కరొలైనాలోని షా విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. 1964లో మిసిసిపీ రాష్ట్రం ఫిలడెల్ఫియాలోని నల్లజాతి పిల్లల హైస్కూల్లో విద్యార్థులు "వన్ మ్యాన్ వన్ వోట్" అని చుట్టూ, మధ్యలో ఎస్‌ఎన్‌సీసీ అని ఉన్న బటన్లు పెట్టుకుని వచ్చారు. చదువుకు సంబంధం లేదని ప్రిన్సిపాల్ నిషేధించాడు, తీయని పిల్లలను సస్పెండ్ చేశాడు. ఇది బర్న్‌సైడ్ కేసు. ఇసక్వీనా కౌంటీలో మరో బడి. అక్కడి బటన్ మీద నల్ల చెయ్యి, తెల్ల చెయ్యి కలిసి ఉంటాయి, కింద ఎస్‌ఎన్‌సీసీ. ఇది బ్లాక్‌వెల్ కేసు.

రెండిటి మీదా ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 1966 జులై 21న ఒకే రోజు తీర్పు చెప్పింది. మొదటి దాంట్లో పిల్లలు గెలిచారు, రెండో దాంట్లో బడి గెలిచింది. నినాదంలోని రాజకీయం దీనికి కారణం కాదు. మొదటి బడిలో పాఠాలకు అంతరాయం కలగలేదు. రెండో చోట ఇష్టం లేని పిల్లలకూ బటన్లు తగిలించడం, వరండాల్లో గొడవ, క్లాసుల్లో అలజడి జరిగినట్టు కోర్టు చూసింది. బడి పనికి చెప్పుకోదగ్గ ఆటంకం కలిగితేనే నిషేధించవచ్చు అన్న కొలత బర్న్‌సైడ్ నుంచి వచ్చింది. 1969లో, వియత్నాం యుద్ధానికి నిరసనగా విద్యార్థులు చేతికి కట్టుకున్న నల్ల పట్టీల మీద నడిచిన టింకర్ కేసులో సుప్రీంకోర్టు ఆ కొలతనే తీసుకుంది. ఈ రోజు అమెరికా బడుల్లో విద్యార్థి భావప్రకటన మీద ఏ వాదం జరిగినా మూలం ఆ బటన్లలో ఉంది.

ఓటింగ్ కేంద్రం సంగతి వేరు. మిన్నెసోటాలో "ప్లీజ్ ఐ.డి. మీ" (నా గుర్తింపు కార్డు చూడండి) బటన్ మీద మొదలైన మాన్‌స్కీ కేసులో 2018లో ఆ రాష్ట్ర నిషేధం కొట్టేశారు. "రాజకీయ" అన్న మాటకు చట్టంలో స్పష్టత లేకపోవడమే కారణం. స్పష్టంగా రాస్తే ఓటింగ్ గదిలో ఆంక్ష పెట్టవచ్చనీ ఆ తీర్పే చెప్పింది.

శాంతిగుర్తు

1963 ఆగస్టు 28 వాషింగ్టన్ ప్రదర్శన బటన్ ఒక్కటి కలుపుతాను. దాని మీదా చేతులు కలిసే ఉంటాయి, తేదీ స్పష్టంగా అచ్చయి ఉంటుంది. 25 సెంట్లకు అమ్మి ఖర్చులకు నిధి కూడగట్టారు. మీద తేదీ ఉందని నిశ్చింతగా ఉండకండి. వార్షికోత్సవాలకు అదే బొమ్మను మళ్లీ మళ్లీ వేశారు.

అణ్వాయుధ వ్యతిరేక గుర్తును జెరాల్డ్ హోల్టమ్ 1958లో గీశాడు, ఆ ఏడాది ఈస్టర్ నాటి ఆల్డర్‌మాస్టన్ యాత్ర కోసం. మొదటి బ్యాడ్జీలు రేకువి కావు. కెన్సింగ్టన్ శాఖకు చెందిన ఎరిక్ ఆస్టిన్ తెల్ల మట్టితో చేసి, నల్ల రంగు వేసి కాల్చాడు. అణు యుద్ధం వస్తే మిగిలే కొద్ది మానవ వస్తువుల్లో ఈ కాల్చిన మట్టి ఒకటవుతుందని వాటితో చీటీ ఇచ్చారు. పదార్థాన్నే వాదంగా మార్చిన బ్యాడ్జీ ఇదొక్కటే నాకు తెలుసు. 1960లో అమెరికా విద్యార్థి శాంతి సంఘం ఆ గుర్తును తీసుకుంది. ఆ తర్వాత రేకు బటన్లుగా లెక్కలేనన్ని వచ్చాయి. ఆ గుర్తు మీద ఎవరూ హక్కు పెట్టుకోలేదు కాబట్టి ఎవరైనా వేశారు. బొమ్మను బట్టి కాలం చెప్పడం అసాధ్యం, అంచు చదవాల్సిందే.

నవ్వే సూర్యుడు దీనికి పూర్తిగా ఎదురు. 1975లో డెన్మార్క్‌లో ఆనె లున్ గీసింది: పసుపు మీద ఎర్ర సూర్యుడు, చుట్టూ "అణుశక్తా? వద్దండీ" అన్న మర్యాదైన మాట. నలభైకి పైగా భాషల్లో వచ్చింది. అక్కడి అణువిద్యుత్ వ్యతిరేక ఉద్యమం ఓఓఏ దాన్ని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసి రూపం మారకుండా కాపాడింది. అందుకే ఏ దేశంలో చూసినా అదే ముఖం.

మడతంచు

> అంచు చదవాల్సిందే.

10 రెట్లు చూపే భూతద్దం, పక్క నుంచి వాలుగా దీపం. అంచు మడత చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ చదవండి. అక్కడ మూడు రకాల సమాచారం ఉండొచ్చు.

మొదటిది తయారీదారు: న్యూయార్క్ ఎన్.జి. స్లేటర్, షికాగో గ్రీన్ డక్, రాచెస్టర్ బాస్టియన్ బ్రదర్స్ లాంటివి. రెండోది యూనియన్ ముద్ర, చీమ తలంత గుర్తు. కార్మిక, పౌరహక్కుల సంఘాలు యూనియన్ అచ్చుకూటాల్లోనే చేయించాలని పట్టుబట్టేవి. ముద్ర లేనంత మాత్రాన నకిలీ కాదు, ఉంటే మాత్రం మంచి సాక్ష్యం.

మూడోది చిరునామా. అన్నిటికన్నా విలువైనది ఇదే. అమెరికాలో నగరం పేరు పక్కన ఒకటి రెండు అంకెల తపాలా జోన్ రాయడం 1943లో మొదలైంది. 1963 జులై 1న ఐదంకెల జిప్ కోడ్ వచ్చింది. "న్యూయార్క్ 11, ఎన్.వై." అని ఉంటే ఆ ఇరవై ఏళ్ల మధ్యదీ, లేదా పాత అచ్చు పలకనే కొన్నాళ్లు వాడినదీ. ఐదంకెలుంటే 1963 జులై తర్వాతిదే, సందేహం లేదు. 1950ల శాంతి బటన్ అని అమ్ముతున్నదాని మీద జిప్ కోడ్ ఉంటే సంభాషణ అక్కడితో ముగించవచ్చు.

పాతకాగితం

వెనక కాగితాన్ని మాత్రం ఆఖరి సాక్ష్యంగా తీసుకోకండి. అది గుంటలో ఊరికే కూర్చుని ఉంటుంది, పిన్ను తీసి తేలిగ్గా మార్చవచ్చు. చవక ప్రకటన బటన్లలోంచి అసలు వైట్‌హెడ్ కాగితాలు తీసి నకళ్లలో పెడుతున్నారు. కాగితం చుట్టూ తుప్పు గుర్తు రింగు అంచుతో సరిపోతుందా, కాగితం మీది పిన్ను నీడ ఇప్పుడున్న పిన్ను స్థానంలోనే ఉందా చూడండి.

365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం ఉంటే చీకట్లో పట్టండి. 1950ల నుంచి కాగితాల్లో తెల్లదనం పెంచే రసాయనాలు కలపడం మామూలైంది, అవి నీలంగా వెలుగుతాయి. ముఖం కాగితం మీద పసుపెక్కిన సెల్యులాయిడ్ అడ్డం వస్తుంది కాబట్టి మడత లోపల బయటపడ్డ కాగితపు అంచునూ, వెనక కాగితాన్నీ చూడాలి. వెలిగితే పాతది కాదు. వెలగకపోతే పాతదని రుజువు కాదు, ఆ రసాయనం లేని కాగితం ఇప్పుడూ దొరుకుతుంది.

సూది కాల్చి గుచ్చి సెల్యులాయిడ్ అవునో కాదో చూడమని కొన్ని చోట్ల సలహా ఇస్తున్నారు. ఎన్నడూ చేయకండి. నైట్రోసెల్యులోజ్ భగ్గున అంటుకుంటుంది.

చేతిఅచ్చు

1970ల తర్వాత బటన్లకు అంచు మీద ఏమీ ఉండకపోవడానికి కారణం చేతి ప్రెస్సులు. బల్ల మీద పెట్టుకునే యంత్రం ఉంటే పది మంది ఉన్న సంఘం కూడా సాయంత్రానికి రెండు మూడు వందలు చేసుకోగలదు. కంపెనీ లేదు కాబట్టి గుర్తూ లేదు. వీటికి కాలం కట్టాలంటే తయారీ తెలియాలి.

2.25 అంగుళాల బటన్‌కు కాగితం 2.625 అంగుళాల వృత్తంగా కోయాలి. 1.25 అంగుళాలకు 1.629, 1 అంగుళానికి 1.313. మిగిలే వెడల్పు మడతలోకి పోతుంది కాబట్టి నేపథ్యపు రంగు కోత గీత దాకా ఉండాలి, అక్షరాలు ముఖం అంచుకు 3 మిల్లీమీటర్లు లోపలే ఆగాలి. మొదటి అచ్చు గుంటలో డొప్ప బోర్లించి, మీద కాగితం, దాని మీద పాలియెస్టర్ పొర. ఒకసారి నొక్కితే మూడూ పై అచ్చులోకి ఎక్కుతాయి. రెండో గుంటలో వెనక పలక, పిన్ను కిందికి ఉండేలా, బొమ్మ నిటారుకు పిన్ను అడ్డంగా. తిప్పి ఆఖరిదాకా నొక్కాలి.

తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే. కాగితం మందమైతే మడత మూసుకోదు, వెనక పలక ఊడిపోతుంది. 90 నుంచి 105 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మధ్య ఉంచండి. పొరలు స్థిర విద్యుత్తుతో అతుక్కుని రెండు పడితే యంత్రం బిగుసుకుంటుంది. అసలు పడకపోతే కాగితం మడత దగ్గర చిరిగిపోతుంది. ఇంక్‌జెట్ కాగితం ఆరకుండా నొక్కితే పొర కింద తేమ చిక్కి రంగు పాకుతుంది. కోత పక్కకు జరిగితే ఒక వైపు మడతలో తెల్ల గీత తేలుతుంది. ఈ తెల్ల గీతే చేతి ప్రెస్సు బటన్లకు తేలికైన ఆనవాలు. కర్మాగారపు వాటిలో అరుదు.

ప్రదర్శనల కోసం పాత ఎన్నికల బటన్ నకలు చేసేవారికి: అమెరికాలో 1973 హాబీ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం రాజకీయ వస్తువుల నకలు మీద తయారైన సంవత్సరం చెరగకుండా ముద్రించాలి. ముందు గానీ వెనక గానీ. చీటీ అంటిస్తే చాలదు.

కొత్తచూపు

ఒక సంఘం తన పాత బొమ్మనే పదేళ్ల తర్వాత మళ్లీ వేయిస్తే అది నకిలీయా?

శాంతిగుర్తు

కాదు. ఉద్యమం నడుస్తుండగా అదే సంఘం వేసినది ఆ ఉద్యమపు వస్తువే, తర్వాతి ముద్రణ. ఉదాహరణకు గులాబీ త్రికోణం, "సైలెన్స్ = డెత్" బటన్. 1987లో న్యూయార్క్‌లో ఎయిడ్స్ రోగుల కోసం పోరాడే యాక్ట్ అప్ సంఘం మొదలైనప్పటి నుంచి ఏళ్ల తరబడి వేశారు. వాళ్లకు కావలసింది వీలైనన్ని ఎక్కువ ఛాతీల మీద అది కనిపించడం. మొదటి విడతేనా అని వెతకడం కొనేవారి అవసరం. అయితే పాతదని అబద్ధం చెప్పి అమ్మితే ఎవరు చేయించినదైనా మోసమే.

నెలచందా

ఒప్పుకుంటాను, కానీ జాబితా రాసేటప్పుడు "తర్వాతి ముద్రణ" అని విడిగా రాయాలి. లేకపోతే మళ్లీ అన్నీ 1960ల చీటీ కిందికే పోతాయి.

నిల్వగది

భద్రపరచడం గురించి. పాత సెల్యులాయిడ్‌కు మొదటి శత్రువు నీరు. కాలెట్ దగ్గరి సందులోంచి తేమ కాగితంలోకి పాకి గోధుమ మరకలు వేస్తుంది. లోపల రేకు తుప్పు పట్టి ఆ మరకను పెంచుతుంది. ఇది వెనక్కి రాదు. అందుకే తడి గుడ్డ కూడా వద్దు. మెత్తని పొడి గుడ్డ చాలు. స్పిరిట్, అసిటోన్ అసలే వద్దు, పొర కరిగిపోతుంది.

రెండోది పొర తనంతట తాను కుళ్లడం. నైట్రోసెల్యులోజ్ నెమ్మదిగా నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది, తేమతో కలిసి ఆమ్లమవుతుంది, పిన్నును తింటుంది, పక్క బటన్‌కూ అంటుకుంటుంది. జిగట, సన్నని పగుళ్ల వల, ఘాటు వాసన, పిన్ను మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే ఆ రోజే వేరు చేయండి. గాలి చొరని డబ్బాలో పెడితే ఆ వాయువులు లోపలే తిరిగి వేగం పెరుగుతుంది. గాలి ఆడే పెట్టె, చల్లటి చోటు, 30 నుంచి 50 శాతం తేమ, ఎండ తగలకూడదు. పీవీసీ జేబుల ఆల్బమ్‌లు వాడకండి, పాలియెస్టర్ లేదా పాలిథిన్ జేబులు వాడండి. లిథోలను వీటితో కలపకుండా వేరే పెట్టెలో ఉంచండి.

పిన్ను తుప్పును పిన్ను మీద ఉన్నట్టే వదిలేయండి. కొత్త పిన్ను మార్చడానికి లాగితే కాలెట్ వదులవుతుంది, పొర మడత తెరుచుకుంటుంది, పైన పాతకాగితం గారు చెప్పిన పిన్ను నీడ సాక్ష్యమూ పోతుంది. వివరాల చీటీని బటన్‌కు అంటించకుండా జేబులో విడిగా పెట్టి, ముఖం, వెనక, అంచు మడత మీది ప్రతి అక్షరం ఉన్నదున్నట్టు రాయండి, చదవలేని అక్షరానికి చుక్క పెట్టండి.